కీళ్లవాతం, లూపస్, స్క్లెరోడెర్మా ఉన్నవారు ఊపిరితిత్తులను ఎలా కాపాడుకోవాలి?

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం), స్క్లెరోడెర్మా (చర్మం బిగుసుకుపోయే జబ్బు), లూపస్, షోగ్రెన్ (నోరు, కళ్లు ఎండిపోయే జబ్బు), మయోసైటిస్ (కండరాల వాపు). పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే తానులో ముక్కలు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదే తిరగబడటం వల్ల వచ్చే జబ్బులివి. వేళ్లు వాచినా, చర్మం బిగుసుకున్నా, కండరాలు పట్టు తప్పినా మనకు వెంటనే తెలిసిపోతుంది. ఊపిరితిత్తుల సంగతి అలా కాదు. లోపల దెబ్బ తగులుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

జరిగేది ఇది. ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో ఉండే గాలి బుడగల మధ్య చాలా పల్చని గోడలుంటాయి. ఆక్సిజన్ రక్తంలోకి దిగేది వాటి గుండానే. ఆ గోడలు ముందు వాస్తాయి, తర్వాత మచ్చ కట్టి గట్టిపడతాయి. డాక్టర్లు దీన్ని ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్, క్లుప్తంగా ఐఎల్‌డీ అంటారు. వాపు దశలో దొరికితే మందులతో చాలావరకు తగ్గించవచ్చు. మచ్చ పడిన భాగం మాత్రం మళ్లీ మామూలు కాదు, ఇక అది పాకకుండా ఆపడమే మిగులుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కడం మానేసినవారికి ఆయాసం తెలిసే సందర్భమే రాదు. డాక్టరు గారు "ఆయాసం వస్తోందా?" అని అడిగితే "లేదండీ" అంటారు, నిజాయితీగానే. అందుకే ఈ విషయంలో ఒంటికి ఎలా అనిపిస్తోందన్నది నమ్మకూడదు. కొలిచిన అంకెలను నమ్మాలి. కింద రాసిన పనులన్నీ ఆ అంకెలను సంపాదించడానికీ, దాచుకోవడానికీ, సరైన చోట చూపించడానికే.

మొదట మీ ముప్పు ఎంతో తెలుసుకోండి

ఈ జబ్బులున్న అందరికీ ఊపిరితిత్తులు పాడవ్వవు. కానీ కొందరికి అవకాశం బాగా ఎక్కువ. స్క్లెరోడెర్మా ఉన్నవారిలో సీటీ స్కాన్ తీస్తే సగానికి పైగా మందిలో ఎంతో కొంత మార్పు కనిపిస్తుంది. ఆ జబ్బులో మరణాలకు మొదటి కారణం కూడా ఊపిరితిత్తులే. అందులోనూ ఒళ్లంతా చర్మం బిగుసుకుపోయేవారు, రక్తపరీక్షలో ఎస్‌సీఎల్-70 అనే యాంటీబాడీ (ఒంటి మీదే దాడి చేసే రోగనిరోధక ప్రోటీన్) పాజిటివ్ వచ్చినవారు, జబ్బు మొదలై ఐదేళ్లు దాటనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో సుమారు పదిమందిలో ఒకరికి ఇబ్బంది పెట్టే స్థాయిలో వస్తుంది. మగవారు, వయసు పైబడినవారు, సిగరెట్ తాగేవారు లేదా ఒకప్పుడు తాగినవారు, రక్తంలో యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ చాలా ఎక్కువ ఉన్నవారు ముందు వరుసలో ఉంటారు. మయోసైటిస్‌లో జో-1 యాంటీబాడీ ఉంటే ఊపిరితిత్తుల జబ్బు రావడం చాలా మామూలు. ఇలాంటివారిలో కొందరికి వేళ్ల పక్కల చర్మం, మెకానిక్ చేతుల్లాగా గరుకెక్కి పగుళ్లు తేలి కనిపిస్తుంది. ఎండీఏ-5 అనే యాంటీబాడీ ఉంటే సంగతి ఇంకా తీవ్రం. నెలలు కాదు, వారాల్లోనే ఆయాసం ముదిరిపోవచ్చు.

కాబట్టి పాత ఫైలు తెరిచి మీ యాంటీబాడీ రిపోర్టు వెతకండి. అందులో ఏది పాజిటివ్ వచ్చిందో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీగా పెట్టండి. కొందరిలో వరస తిరగబడుతుందని కూడా గుర్తుంచుకోండి. ముందు దగ్గు, ఆయాసం వస్తాయి, కీళ్లనొప్పులు ఏళ్ల తర్వాత బయటపడతాయి. ఐఎల్‌డీ కొత్తగా కనిపించిన ప్రతివారికీ ఈ యాంటీబాడీ పరీక్షలు రాసేది అందుకే.

ఇంట్లో కొలవడం

నెలకోసారి ఒకే దూరం, ఒకే వేగంతో నడవండి, లేదా ఒకే మెట్లు ఎక్కండి. పైకి చేరాక ఒక పూర్తి వాక్యం గట్టిగా చెప్పండి. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చిందా? వస్తే ఎన్నిసార్లు? పోయిన నెల ఎలా ఉంది? తేదీతో సహా ఒక పుస్తకంలో రాయండి. "కాస్త ఆయాసంగా ఉంటోంది" అన్న మాటకంటే "జనవరిలో ఆగకుండా ఎక్కిన మెట్లను ఇప్పుడు రెండు చోట్ల ఆగి ఎక్కుతున్నాను" అన్నది డాక్టరుకు పదింతలు ఉపయోగపడుతుంది. మెట్లెక్కలేనంత కీళ్లనొప్పి ఉంటే స్నానం, బట్టలు మార్చుకోవడం, ఫోన్‌లో మాట్లాడుతూ గదిలో తిరగడం లాంటి పనులను గమనించండి.

దగ్గు పొడిగా ఉండి, కఫం లేకుండా, మూడు వారాలు దాటినా తగ్గకపోతే సిరప్‌తో సరిపెట్టుకోకండి.

వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటే మంచిదే. కానీ దాన్ని వాడే పద్ధతి ఒకటుంది. కూర్చుని ఉన్నప్పుడు 97 చూపించి సంతోషపడిపోతాం. ఈ జబ్బులో ఆక్సిజన్ ముందుగా పడిపోయేది నడిచినప్పుడు. అందుకే కూర్చుని ఒకసారి చూసి, కొన్ని నిమిషాలు నడుస్తూ మళ్లీ చూడండి. నాలుగు పాయింట్లు, అంతకంటే ఎక్కువ తగ్గుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. 88 గానీ అంతకంటే తక్కువ గానీ చూపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారే రేనాడ్స్ సమస్య స్క్లెరోడెర్మాలో దాదాపు అందరికీ ఉంటుంది, మిగతా జబ్బుల్లోనూ కొందరికి ఉంటుంది. అలాంటి వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తం అందక అంకె తప్పు వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. 82 చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడిన తర్వాత చేయి వెచ్చబెట్టి చూస్తే 96 వస్తుంది. రెండు చేతులు బాగా రుద్ది వెచ్చగా చేసుకుని, గోళ్ల రంగు తుడిచేసి, అంకె కదలకుండా నిలిచేవరకు ఆగండి. అయినా తేడాగా ఉంటే ఆసుపత్రిలో చెవి తమ్మెకు గానీ నుదుటికి గానీ పెట్టే ప్రోబ్‌తో చూడమని అడగండి. చామనఛాయ, నలుపు రంగు చర్మం ఉన్నవారిలో ఈ పరికరం అసలు కంటే కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉందని కూడా తెలుసుకోండి.

ఎక్స్‌రే చాలదు

ఛాతీ ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఊపిరితిత్తులు బాగున్నాయనుకోవడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. తొలిదశ ఐఎల్‌డీ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అమెరికాలోని రుమటాలజీ, ఛాతీ వైద్యుల సంఘాలు కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముప్పు ఎక్కువున్నవారిని పరీక్షించడానికి ఎక్స్‌రే మీద ఆధారపడవద్దనే చెప్పాయి. ఆ పనికి అవి సూచించినవి రెండు: హెచ్‌ఆర్‌సీటీ అనే సన్నని పొరల సీటీ స్కాన్, పీఎఫ్‌టీ అనే ఊపిరి పరీక్ష.

హెచ్‌ఆర్‌సీటీకి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. గాలి పీల్చి బిగబట్టమంటారు, వదిలి బిగబట్టమంటారు, కొన్నిసార్లు బోర్లా పడుకోమంటారు. ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగం బరువుకే కాస్త అణిగి, జబ్బు లేకపోయినా మసకగా కనిపిస్తుంది. బోర్లా తీస్తే అది నిజమైన మార్పా కాదా తేలిపోతుంది. నడుమునొప్పి, మెడనొప్పి వల్ల బోర్లా పడుకోలేకపోతే ముందే చెప్పండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండేళ్ల తర్వాత పోల్చాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది అదే.

అడగాల్సినవాటిలో ఇంకొకటి: "నా వీపు మీద స్టెతస్కోప్ పెట్టి కింద భాగం విన్నారా?" అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఐఎల్‌డీలో వీపు అడుగున, గాలి పీల్చేటప్పుడు చిటపటలాడే ఒక ప్రత్యేకమైన శబ్దం వస్తుంది. స్కాన్‌కు ముందే అనుమానం కలిగించే గుర్తు అది.

ఊపిరి పరీక్ష రోజు

ఈ పరీక్ష మీరు ఎంత బాగా చేస్తే ఫలితం అంత నిజంగా వస్తుంది. రక్తపరీక్షలా చేయి చాపితే అయిపోయేది కాదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వదులు బట్టలు వేసుకోండి. పరీక్షకు రెండు గంటల ముందు కడుపు నిండా తినకండి. ఇన్‌హేలర్ వాడేవారు ఆ రోజు వాడాలో మానాలో ముందే కనుక్కోండి. ముక్కుకు క్లిప్ పెడతారు. గొట్టాన్ని పెదాలతో గట్టిగా బిగించి, వీలైనంత లోతుగా పీల్చి, ఒక్కసారిగా బలంగా ఊది, ఇంక గాలి లేదనిపించాక కూడా కొన్ని సెకన్లు ఊదుతూనే ఉండాలి. టెక్నీషియన్ పక్కనే నిలబడి "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని అరుస్తారు. కోపంతో కాదు, ఆ అరుపు పరీక్షలో భాగం. కనీసం మూడుసార్లు చేయిస్తారు, ఒకదానికొకటి దగ్గరగా వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. కళ్లు తిరిగితే చెప్పి కాసేపు ఆగండి.

స్క్లెరోడెర్మాలో నోరు చిన్నగా బిగుసుకుపోయి ఉంటే గొట్టం చుట్టూ గాలి కారిపోతుంది, అంకె తక్కువ వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. షోగ్రెన్‌లో నోరు ఎండిపోయి మధ్యలో దగ్గు తెరలు వస్తాయి, అందుకని నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. మయోసైటిస్‌లో ఊపిరి కండరాలే బలహీనమైతే ఊపిరితిత్తులు బాగున్నా ఊదే బలం ఉండదు. ఇవన్నీ టెక్నీషియన్‌కు ముందే చెప్పి రిపోర్టు మీద రాయించండి. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. మెషీన్ మారితే అంకె మారుతుంది.

రిపోర్టులో చూడాల్సినవి రెండు

మొదటిది ఎఫ్‌వీసీ. ఒక్కసారి గట్టిగా పీల్చి వదిలే మొత్తం గాలి ఎంత అన్నది. రెండోది డీఎల్‌సీఓ. గాలి రక్తంలోకి ఎంత బాగా దిగుతోందన్నది. మీ వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడితో పోల్చి రెండింటినీ శాతాల్లో రాస్తారు.

సాధారణంగా ఎఫ్‌వీసీ 80 శాతం పైన ఉంటే బాగుందంటారు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఒకరికి మొదట 110 ఉండి, రెండేళ్లలో 88కి వచ్చిందనుకోండి. రిపోర్టు మీద 'నార్మల్' అనే ఉంటుంది, కానీ ఆ మనిషి ఊపిరిలో ఐదో వంతు పోయింది. అందుకే ఒక్క రిపోర్టును విడిగా చదవకండి. పాతవన్నీ వరసగా పెట్టి చూడండి. ఒకే కాగితం మీద తేదీ, ఎఫ్‌వీసీ, డీఎల్‌సీఓ రాసుకుంటూ పోతే దారి ఎటు పోతోందో మీకే కనిపిస్తుంది. ఒకటి రెండు పాయింట్ల తేడాకు కంగారు పడక్కర్లేదు, ఊదడంలో తేడా వల్ల కూడా వస్తుంది. ఏడాదిలో ఎఫ్‌వీసీ 5 పాయింట్లు తగ్గితే మాత్రం అడగండి. 10 తగ్గితే మందు మార్చాలా అన్న చర్చ జరిగి తీరాలి.

ఎఫ్‌వీసీ బాగానే ఉండి డీఎల్‌సీఓ ఒక్కటే బాగా పడిపోతే రెండు అనుమానాలు. రక్తహీనత ఒకటి, అది హిమోగ్లోబిన్ చూస్తే తేలుతుంది. రెండోది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరగడం, దీన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. స్క్లెరోడెర్మాలో ఇది విడిగా కూడా వస్తుంది, మామూలు బీపీ మెషీన్‌లో కనిపించదు. దానికి గుండె ఎకో చేయించాలి. అనుమానం బలపడితే గుండె కుడివైపుకు కాథెటర్ పంపి కొలుస్తారు.

పరీక్ష ఎన్నాళ్లకోసారి? ఐఎల్‌డీ ఉన్నట్టు తేలితే స్క్లెరోడెర్మా, మయోసైటిస్‌లలో మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి, మిగతావాటిలో మూడు నుంచి పన్నెండు నెలలకోసారి అని పైన చెప్పిన 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిలకడగా ఉంటే తర్వాత దూరం పెంచుతారు.

ఇద్దరు డాక్టర్లు, ఒకే ఫైలు

కీళ్ల డాక్టరు కీళ్లు చూస్తారు, ఊపిరితిత్తుల డాక్టరు ఊపిరితిత్తులు చూస్తారు. మధ్యలో మీరు. నా దృష్టిలో మందులకంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. ఒకరు రాసిన మందు రెండోవారికి తెలియకపోవడం, ఇద్దరూ స్టెరాయిడ్ రాయడం, ఎవరికి వారు "ఆయన చూస్తున్నారు కదా" అనుకోవడం మామూలుగా జరిగేవే. ప్రతిసారీ ఇద్దరికీ ఒకే ఫైలు చూపించండి, ఒకరి చీటీ ఫొటో తీసి రెండోవారికి పంపండి. ఈ మందును ఎవరు పెంచుతారు, ఎవరు తగ్గిస్తారు, రక్తపరీక్షలు ఎవరు చూస్తారు అని సూటిగా అడిగి పేరు రాసుకోండి.

మందుల విషయంలో తెలిసి ఉండాల్సినవి

మందు ఎంచుకోవడం డాక్టరు పని. ఏం ఆశించాలో, దేన్ని గమనించాలో తెలుసుకోవడం మనది. ఎక్కువగా మొదట రాసేది మైకోఫెనొలేట్, ఇది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు. పని చేయడానికి నెలలు పడుతుంది, కాబట్టి మూడో వారంలో "ఏం తేడా లేదు" అని మానేయకండి. విరేచనాలు, రక్తకణాలు తగ్గడం దీని ఇబ్బందులు. రక్తపరీక్షలు తప్పక చేయించుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు దీంతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. పిల్లల కోసం ప్రయత్నించాలనుకునే స్త్రీలు కనీసం ఆరు వారాల ముందే దీన్ని ఆపాలి, అదీ వేరే మందుకు మార్చిన తర్వాత, డాక్టరు చెబితేనే. మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్, నింటెడానిబ్ కూడా గర్భంలో పనికిరావు.

రిటుక్సిమాబ్, టోసిలిజుమాబ్, అజాథయోప్రిన్ లాంటివి జబ్బును బట్టి వస్తాయి. నింటెడానిబ్ దారి వేరు. అది మచ్చ పాకే వేగాన్ని తగ్గిస్తుంది తప్ప, కీళ్లనొప్పిని గానీ చర్మాన్ని గానీ ఏమీ చేయదు, పోయిన ఊపిరిని తిరిగి తేదు. ఈ మాట ముందే తెలియకపోతే "ఇంత ఖరీదైన మందు వాడినా మెరుగు లేదు" అని నిరాశ పడతారు. తగ్గకుండా నిలబడటమే ఇక్కడ మెరుగు. దాన్ని తిన్న తర్వాతే వేసుకోవాలి. విరేచనాలు దాదాపు మామూలు, లివర్ పరీక్షలు తప్పనిసరి.

స్టెరాయిడ్ గురించి రెండు మాటలు. ఒకటి, నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్‌ను ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకూడదు. రెండు, స్క్లెరోడెర్మాలో పెద్ద మోతాదు స్టెరాయిడ్ కిడ్నీలను హఠాత్తుగా దెబ్బతీయవచ్చు. అందుకే ఆ జబ్బులో ఐఎల్‌డీకి స్టెరాయిడ్‌ను మొదటి మందుగా వాడవద్దంటారు. ఏ కారణంగానైనా వాడాల్సి వస్తే ఇంట్లో రోజూ బీపీ చూసుకోండి. ఉన్నట్టుండి పెరిగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మెథోట్రెక్సేట్ ఊపిరితిత్తులను పాడు చేస్తుందన్న భయం చాలామందిలో ఉంది. ఐఎల్‌డీ నెమ్మదిగా రావడానికి ఆ మందే కారణమన్న అనుమానాన్ని ఈమధ్య అధ్యయనాలు బలపరచలేదు. అరుదుగా, ఎక్కువగా మొదటి ఏడాదిలో, కొద్ది రోజుల్లోనే జ్వరం, పొడిదగ్గు, ఆయాసం తెచ్చే అలర్జీ లాంటి వాపు మాత్రం వస్తుంది. అలా జరిగితే తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఇది వారానికి ఒక్కసారి మందు అని ఇంట్లో అందరికీ తెలియాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్‌తో దీన్ని కలపడం ప్రమాదం. ఏ చిన్న ఇన్‌ఫెక్షన్‌కు మందు రాసినా "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అని చెప్పండి.

ఇన్‌ఫెక్షన్లు, ఛాతీలో మంట, పొగ

నింటెడానిబ్ తప్ప ఈ మందులన్నీ రోగనిరోధక శక్తిని తగ్గించేవే. టోసిలిజుమాబ్ లాంటి బయలాజిక్ మందులు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష, రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష జరిగాయో లేదో చూసుకోండి. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు వేయించుకోండి. రిటుక్సిమాబ్ తర్వాత టీకాలు సరిగా పట్టవు కాబట్టి వీలైతే ముందే పూర్తి చేయండి. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు మాత్రం వద్దు.

పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట స్క్లెరోడెర్మాలో బాగా ఎక్కువ. రాత్రి ఆ పులుపు కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తిన్నాక రెండు మూడు గంటలదాకా పడుకోకండి. తల కింద దిండ్లు పేర్చితే కడుపు మడతపడి మంట పెరుగుతుంది, మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి జానెడు ఎత్తు లేపండి. మయోసైటిస్ ఉన్నవారికి తింటుంటే పొలమారడం మొదలైతే అది కండరాల బలహీనత గుర్తు, వెంటనే చెప్పాలి. సిగరెట్ గురించి కొత్తగా చెప్పేదేముంది, మానాలి. ఇంట్లో ఇంకొకరు తాగినా మీరు తాగినట్టే.

వ్యాయామం, ఆక్సిజన్

ఆయాసం వస్తుందని కదలకుండా కూర్చుంటే కండరాలు కరిగి ఆయాసం ఇంకా పెరుగుతుంది. పల్మనరీ రిహాబ్ అనే పద్ధతిలో ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో కొన్ని వారాలపాటు నడక, కండరాల వ్యాయామం, ఊపిరిని అదుపు చేసుకోవడం నేర్పిస్తారు. కీళ్లు వాచిన రోజుల్లో ఏం చేయాలో కూడా అక్కడే అడగండి.

ఆక్సిజన్ పెట్టుకోమంటే ఇక చివరి దశ అనుకుని ఏడ్చేవారిని చూస్తుంటాం. అలా కాదు. కొందరికి నడిచేటప్పుడు మాత్రమే కావాలి, దాంతో వాళ్లు బయటికి వెళ్లగలుగుతారు. ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు అన్నది నడిపించి కొలిచి డాక్టరు చెప్పాలి, మీ అంతట మీరు పెంచకండి. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు, పొగ, దీపం ఏదీ ఉండకూడదు. విమాన ప్రయాణం ఉంటే టికెట్ కొనకముందే అడగండి, పైన గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతుంది.

ఎప్పుడు పరుగెత్తాలి

కొద్ది రోజుల్లోనే ఆయాసం ఒక్కసారిగా పెరిగితే, కూర్చున్నా ఊపిరి ఆడకపోతే, పెదాలు నీలంగా మారితే, దగ్గులో రక్తం పడితే, జ్వరంతోపాటు ఆయాసం వస్తే, గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టు ఉంటే ఇంట్లో కూర్చుని రేపటిదాకా చూద్దాం అనుకోకండి. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, జబ్బు తిరగబడటం కావచ్చు, రక్తం గడ్డకట్టడం కావచ్చు, మందు వికటించడం కావచ్చు. వీటిని ఇంట్లో విడదీయలేం, ఎమర్జెన్సీ డాక్టరుకు కూడా మొదటి గంటలో కష్టమే.

అందుకే వెళ్లేటప్పుడు ఫైలు, మందుల చీటీ, స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి. మీ వెంట ఉన్నవారికి ఒక వాక్యం ముందే నేర్పి పెట్టండి: "ఈవిడకు స్క్లెరోడెర్మా వల్ల ఐఎల్‌డీ ఉంది, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారు, మామూలుగా ఆక్సిజన్ ఇంత ఉంటుంది, చివరి ఎఫ్‌వీసీ ఇంత." జబ్బు పేరు, అంకెలు మీవి పెట్టుకోండి.